జూలూరుపాడు యూరియా లైన్లో ఫోన్లు

పెద్దమనుషుల గురించి రాయమంటే నాకు ఒళ్లు మండుతుంది. జూలూరుపాడు మండలానికి నేను విలేకరిని. జీతం ఉండదు, నోరు మాత్రం ఉంటుంది. ఇన్నేళ్లుగా నాయకుల పుట్టినరోజు కేకుల ఫొటోలు పంపి పంపి విసిగిపోయాను. అందుకే ఈసారి మా ఇన్నయ్య కూతురు మహిమ గురించి రాస్తున్నాను. ఇది మా పేపర్లో వేయరని తెలుసు. ఆ పిల్ల ఇంతవరకూ ఎవరికీ శాలువా కప్పలేదు.

ఇన్నయ్య ఆదివారం చర్చిలో గంట కొడతాడు, మిగతా రోజుల్లో తాపీ పనికి పోతాడు. మహిమ కొత్తగూడెంలో ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసింది. ఆకలితో ఉన్నవాడికి వాడి బిర్యానీ ఏ సందులో ఉందో ఫోన్లో చూపించడం ఆమె పని. కరోనాలో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది, మళ్లీ పోలేదు. ముప్పై దాటాయి కదా, పెళ్లెప్పుడని అడిగితే, "మీ ఇంట్ల ఎవలన్న ఖాళీగ ఉన్నరా?" అని ఎదురు అడిగేది. రెండు మూడుసార్లు అయ్యాక జనం మానేశారు. బస్టాండు దగ్గర జగదీష్ ఎరువుల దుకాణం మీది గది కిరాయికి తీసుకుని, ఎక్కడో ఉన్న కంపెనీకి అక్కడి నుంచే పనిచేస్తుంటుంది.

ఆ వానాకాలం మాకు యూరియా కరువొచ్చింది. లారీ ఎప్పుడొస్తుందో జగదీష్‌కే తెలియదు. రైతులు పొద్దున్నే వచ్చి దుకాణం ముందు చెప్పులు వరసగా పెట్టి పోయేవాళ్లు. మా దగ్గర అది ఆచారం. మనిషి చాయ్‌కి పోనీ, చేనుకు పోనీ, చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే. వెనకవాడు తన చెప్పు జరుపుకునేటప్పుడు ముందువాడిది కూడా జరుపుతాడు. చెప్పు లేనివాడు రాయి పెడతాడు. ఎంత తాగినవాడైనా పక్కవాడి చెప్పును వెనక్కి నెట్టడు. కానీ కుక్కలకు ఆచారాలుండవు. ఒకటి వచ్చి తండా రైతు హాతీరాం చెప్పు ఎత్తుకుపోయింది. లైన్లో అతని చోటు ఏదన్న విషయం మీద కాలర్లు పట్టుకునేదాకా వెళ్లింది. జగదీష్ మెట్లెక్కి మహిమ తలుపు కొట్టాడు.

"అమ్మా, నీకు కంప్యూటర్ పని వచ్చు గదా. ఈ లైన్‌ను ఫోన్లకు ఎక్కియ్యరాదు?"

ఎక్కించింది. మొదట రాసిన పేజీ, ఫోన్లోంచి మాటిమాటికీ సర్వర్‌ను "లారీ వచ్చిందా, లారీ వచ్చిందా" అని అడిగేది. ఊరూరి ఫోన్లన్నీ ఒక్కసారి అడిగేసరికి సర్వర్ నోరు పెగల్లేదు. దాన్ని తీసేసి వెబ్‌సాకెట్ పెడుతున్నానని చాయ్ హోటల్లో చెప్పింది. అదేంటని అడిగాను.

"మామూలు వెబ్ పేజీ నీ అసుంటిది బాబాయ్. ఫోన్ చేస్తది, వార్త ఉందా అంటది, లేదంటే పెట్టేస్తది. మళ్ల చేస్తది."

"నాకేం పనిలేదా?"

"ఏముంది? విను. వెబ్‌సాకెట్ గట్ల కాదు. ఒక్కసారి చేసి, లైన్ కట్ చెయ్యకుండ పెట్టుకుందామా అని అడుగుతది. సర్వర్ సరే అంటే ఇగ ఆ లైన్ తెరిచే ఉంటది. లారీ రాంగనే సర్వరే చెప్తది. మనం చెప్పేది గూడ అదే లైన్ల పోతది."

"మరి అవతల మనిషి ఉన్నడో పోయిండో ఎట్ల తెలుస్తది?"

"మీ అమ్మ కథ చెప్తుంటే నువ్వు ఊ కొట్టలేదా? గట్లనే. సర్వర్ అప్పుడప్పుడు పలకరిస్తది, ఫోన్ ఊ అంటది. ఊ అనకపోతే పోయిండని లెక్క."

నాకు అర్థమైంది. నాకే అర్థమైందంటే ఇంకెవరికైనా అవుతుంది. ఊ అనని ఫోన్ పేరును లైన్లోంచి తీసేయాలని కూడా ఆమె రాసింది. హైదరాబాదులో అది సరైన పద్ధతే. బిర్యానీ వద్దనుకుని యాప్ మూసేసినవాడి కోసం ఎవరూ ఆగరు.

జగదీష్ దుకాణం ముందు టీవీ వేలాడదీశాడు. ఫోన్లో పేరు కొట్టగానే ఎవరూ ముట్టుకోకుండానే టీవీ మీద పడుతుంటే జనం సినిమా చూసినట్టు చూశారు. ఆ జనంలో కన్నమ్మ ఉంది. అడవి లోపలి గూడెం ఆమెది. మోకాలెత్తు పెరిగిన మొక్కజొన్న పసుపు తిరిగిపోతోంది. ఒక్క బస్తా యూరియా కావాలి, అదీ ఆ వారంలోనే కావాలి. తర్వాత ఎంత చల్లినా గింజ పట్టదు. కొడుకు కొనిచ్చిన ఫోన్ ఆమె చేతిలో ఉంటే మహిమే పేరు కొట్టిపెట్టింది. టీవీ మీద తన పేరు చూసుకుని కన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆటో ఎక్కి ఇంటికి పోయింది.

ఊరు దాటి అడవి మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు. సర్వర్ పలకరించింది, ఫోన్ ఊ అనలేదు. టీవీ మీద కన్నమ్మ పేరు పోయి, కింది పేర్లన్నీ తలా ఒక మెట్టు ఎక్కాయి. పైకెక్కేవాడు ఎవడైనా అడుగుతాడా, పైన ఉన్నామె ఏమైందని?

తెల్లారి లారీ వచ్చింది. కన్నమ్మ మొదటి ఆటోకే వచ్చింది. టీవీ మీద పేరు లేదు. మహిమను పిలిపించారు.

"నువ్వు లైన్లకెల్లి పోయినవని చూపిస్తున్నదమ్మా," అంది మహిమ.

"ఏడికి పోయిన? ఇంటికి పోయిన. పొయ్యి ముట్టియ్యాలె, కూడొండాలె. ఇంటికి పోతె లైన్ పోతదా?"

ఈ మాటల్లోనే బస్తాలు అయిపోయాయి. కన్నమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "చేను పండుబారిందమ్మా," అని మాత్రం చెప్పి ఆటో స్టాండు వైపు నడిచింది. నాకు మహిమ మీద పట్టరాని కోపం వచ్చింది.

"చెప్పు పెట్టుకున్నా ఉండేది గదనే ఆమె జాగా," అన్నాను.

"తెలుసు. నోరు మూస్కో బాబాయ్," అంది. మొహం కందిపోయింది.

మా జనం మాత్రం ఈ కథలోంచి తమకు కావలసిన నీతి ఏరుకున్నారు. ఫోన్ ఊ అనాలి. ఊ అనాలంటే సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ జగదీష్ దుకాణం ముందు దివ్యంగా ఉంటుంది. మర్నాటి పొద్దున చూస్తే దుకాణం అరుగు మీద, మొన్నటిదాకా చెప్పులున్న చోట ఫోన్లున్నాయి. అద్దం పగిలినవి, రబ్బరు బ్యాండు వేసినవి, దేవుడి బొమ్మలున్నవి, సిలువ అంటించినవి, అన్నీ వరసగా వెల్లకిలా పడుకుని ఉన్నాయి. చాయ్ హోటల్ నుంచి వైరు లాగి చార్జింగ్ పెట్టారు. చినుకులు పడితే పైన ఖాళీ యూరియా సంచులు కప్పారు. ఆ ఏడాది మా ఊళ్లో యూరియా సంచులు పనికొచ్చింది ఆ ఒక్కదానికే.

తెర ఆరిపోతే ఫోన్ నిద్రపోతుందనీ, నిద్రపోతే ఊ అనదనీ ఎవరో కనిపెట్టారు. అందుకని జంపయ్య తాత కాపలా కూచున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు పాక్కుంటూ పోయి ఒక్కో ఫోన్‌ను వేలితో పొడుస్తాడు, మళ్లీ మొదటికొస్తాడు. మధ్యలో ఒక ఫోన్ మోగింది. తాత ఎత్తాడు.

"ఎవలు? నేను జంపయ్యను. నీ మొగుడు లైన్ల ఉన్నడు."

అవతల ఆమె ఏదో అంది.

"ఈడ లేడమ్మా. లైన్ల ఉన్నడు అంటున్న గదా," అని విసుక్కుని తాత ఫోన్‌ను దాని చోట్లో పడుకోబెట్టాడు.

నేను ఫొటో తీసి పంపాను. రైతుల్లో సాంకేతిక చైతన్యం వెల్లివిరుస్తోందని మా పేపరోళ్లు జిల్లా పేజీలో వేశారు. వాళ్లను ఏమనాలి?

మహిమ కిందికి దిగి ఆ వరస చూసి మెట్ల మీద కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని జంపయ్యను అడిగింది.

"ఎందుకు తాతా గట్ల పొడుస్తున్నవ్? నడుం నొయ్యదా?"

"నొస్తది బిడ్డా. పొడవకపోతే పేరు పోతది. కన్నమ్మకు అయింది సూడలే?"

ఇక నవ్వలేదు. పైకి పోయి తలుపేసుకుంది. చెప్పుల లైన్లో పుట్టి పెరిగిన పిల్ల, చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే అన్న ముక్కను సర్వర్‌కు చెప్పడం మరిచిపోయింది. దాన్నే ఇప్పుడు రాసింది. ఫోన్ లైన్ వేరు, వరసలో పేరు వేరు. పేరు కొట్టినప్పుడే సర్వర్ ఫోన్‌కు ఒక గుర్తు ఇస్తుంది. సిగ్నల్ పోతే పేరు పక్కన పచ్చ చుక్క బూడిద రంగుకు మారుతుందే గాని పేరు కదలదు. సిగ్నల్ తిరిగొచ్చాక ఫోన్ తన గుర్తు చూపించి ఆగినచోటి నుంచి అందుకుంటుంది. కరెంటు పోయి వస్తే ఫోన్లన్నీ పండగనాటి బస్సు తలుపు దగ్గర లాగా ఒక్కసారి తోసుకురాకుండా, తలా కాసేపు ఆగి ప్రయత్నించేలా చేసింది. కన్నమ్మ పేరు మళ్లీ ఎక్కించాలి, ఎక్కడ ఎక్కించమంటారని అందరిముందూ అడిగింది. అందరికంటే పైన పెట్టమన్నాడు హాతీరాం. ఎవరూ కాదనలేదు. ఎవరి ఫోన్లు వాళ్లు తీసుకుపోయారు, జంపయ్య తాత రెండు రోజులు వంగలేకపోయాడు.

తర్వాతి లారీ నెల దాటాక గాని రాలేదు. అది బస్టాండు మలుపు తిరగ్గానే జగదీష్ బొత్తాం నొక్కాడు, ఊళ్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్క క్షణంలో మోగాయి. మహిమ పని అద్భుతంగా ఉంది, అది ఒప్పుకోవాలి. జనం పరుగున వచ్చారు. టీవీ మీద అందరికంటే పైన కన్నమ్మ పేరు, పక్కన బూడిద రంగు చుక్క. ఆమె వంతు ఆమెకు ఉంచి కింది వాళ్లకు బస్తాలు ఇవ్వడం మొదలుపెట్టారు. మహిమ చాలాసేపు ఆ చుక్కనే చూసింది.

"పేరైతే ఉన్నది. లారీ వచ్చిందని ఆమెకెవలు చెప్పిన్రు బాబాయ్?"

అడుగుతూనే స్కూటీ తీసింది. వెనక నేనెక్కాను. అడవి మలుపు దాటాక దారి అంతా బురద. రెండుసార్లు దిగి తోశాను, దారినీ దాన్ని వేయించినవాళ్లనూ తరతరాలూ కలిపి తిట్టాను.

కన్నమ్మ చేను గట్టు మీద కూచుని ఉంది. మేకలు మొక్కజొన్నలోకి దిగి మేస్తున్నాయి. ఆమె వాటిని తోలడం లేదు. మమ్మల్ని చూసి లేచింది.

"లారీ వచ్చిందమ్మా. మొదటి బస్తా నీదే. జల్ది పా," అంది మహిమ.

కన్నమ్మ ఒక కంకి విరిచి, పొట్టు ఒలిచి మహిమ చేతిలో పెట్టింది. ముసలమ్మ నోట్లో పళ్లలాగా అక్కడక్కడ నాలుగు గింజలున్నాయి.

"ఇగ దీనికేం ఏస్తం. మేకలన్న తింటున్నయ్."

"బస్తా వద్దా మరి?"

"ఎందుకొద్దు? మా మరిది వరికి ఏస్కుంటడు. పా."

మేకలను అక్కడే వదిలేసి స్కూటీ ఎక్కింది. ముగ్గురం ఇరుక్కుని కూచున్నాం. మహిమ చేతిలోని కంకిని ఎక్కడ పెట్టాలో తెలియక ముందు బుట్టలో పెట్టింది. గూడెం దాటాక కన్నమ్మ వెనక నుంచి అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"గింత దూరం నువ్వే వస్తివి గదా బిడ్డా. గా నా పేరు పోయిన్నాడే వచ్చి, ఉన్నవా అని అడగకపోయినవా?"

స్కూటీ ఆగిపోయింది. మహిమ రెండు కాళ్లూ బురదలో ఆనించి, హ్యాండిల్ పట్టుకుని తల దించుకుని ఏడ్చింది.