తాడుకు కట్టిన తాళంచెవి

"మంగళవారం సెలవు పెట్టుకో, తాడు పట్టాలి" అని మా బావ ఎర్రయ్య ఫోన్ చేసినప్పటి నుంచీ నాకు కాలు నిలవలేదు. బావది ఒడిశా తీరంలోని రామయ్యపట్నం, సముద్రం మీద వేట. దిగపహండి దాటాక కొండల్లో ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. నీళ్లు గొట్టంలోకి దిగేచోట ఇనప జల్లెడకు అడ్డంపడిన చెత్తను వానలకు ముందే తీయాలని బావను పిలిచారు. పని నచ్చితే ఏటా పిలుస్తారట. మా ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. నీళ్లలో మునిగే మనిషి నడుముకు కట్టిన తాడును అతని భార్య తోడబుట్టినవాడే పట్టుకోవాలి. మనిషి క్షేమంగా పైకొచ్చాక ఆ తాడు తెచ్చి ఆమె చేతికివ్వాలి. "నువ్వు సూసొచ్చి బాగుందంటేనే మళ్లీ పంపుతాను తమ్ముడా. నేదంటే ఇదే ఆకరు" అని మా పోలమ్మక్క ముందే చెప్పేసింది.

పొద్దున్నే బరంపురం బస్టాండులో దిగపహండి బస్సెక్కాం. ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ. బావ కూర్చోగానే నిద్రపోయాడు. నేను మాత్రం సంచిలోని తాడును పదిసార్లు తడిమాను. దిగపహండిలో వేడి వడలు, ఘుగుని అనే బఠాణీల కూర తిని, అక్కడి నుంచి రానుపోను ఆటో మాట్లాడుకున్నాం. కొండల్లో తిరుగు ఆటో దొరకదు కాబట్టి ఆరేడు వందలు పోయినా అదే మేలు.

కేంద్రం దగ్గరకు వెళ్లేసరికి నేల సన్నగా అదురుతోంది. కొండవాగు నీళ్లు గొట్టంలోంచి దిగి, చక్రాన్ని తిప్పి, అడుగున మళ్లీ వాగులోనే కలుస్తున్నాయి. "ఎలాగూ సముద్రానికి పోయీ నీళ్లే కదరా, దారిలో ఓ పని సేసి ఎల్తన్నాయి" అన్నాడు బావ. నాకు నవ్వు రాలేదు. నా కళ్లు ఆ గొట్టం మూతి మీదే ఉన్నాయి.

ఆపరేటరు మినతి గారు పర్లాకిమిడి వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. "బావ లోపలుండగా ఎవరైనా మిషను ఆన్ చేస్తే?" అని అడిగాను.

"మిషను ఆపి, గేటు దించి, స్విచ్చికి తాళమేస్తాం భాయి. ఆ తాళం దిగీ మనిషే ఎయ్యాలి. సెవి ఒక్కటే ఉంటాది" అందావిడ.

కాసేపాగి మళ్లీ అడిగాను. మూడోసారి అడగబోతే బావ విసుక్కున్నాడు. "సముద్రానికి తాళమేటైనా ఉందేటిరా? అక్కడ నేని బెంగ ఇక్కడెందుకు?"

మిషను ఆపి గేటు దించాక బావ తాళం వేసి, తాడు ఒక కొస నడుముకు కట్టుకుని, రెండో కొసకు తాళంచెవి ముడేసి నా చేతికిచ్చి మునిగాడు. తాడును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి లాగితే బాగున్నట్టు, రెండుసార్లు లాగితే పైకి చేదమన్నట్టు. కొమ్మలు, ఎరువుల సంచులు, ఎవరిదో చిరిగిన దుప్పటి ఒక్కొక్కటే పైకొచ్చాయి. మధ్యాహ్నానికి పని ముగించి బావ గట్టెక్కాడు. తాడు చుట్టి సంచిలో పెట్టేసి "ఎల్దాం బావా" అని తొందరపెట్టాను. అక్కడ ఇంకొక్క నిమిషం ఉండాలనిపించలేదు.

బరంపురం బస్సు సగం దూరం వచ్చాక ఫోను మోగింది. "భాయి, తాళంచెవి మీకాడుందా?" అంది మినతి గారు.

సంచి తెరిచి చూస్తే తాడు కొసకు అలాగే వేలాడుతోంది. బావ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి, మళ్లీ ఆటోకు అంత డబ్బూ పోసి వెళ్లాం. మిషను ఇంకా ఆగే ఉంది. నీళ్లు ఊరికే వాగు కట్ట మీంచి పొర్లిపోతున్నాయి. పై ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మేం వెళ్లిపోవడం మీరు చూశారు కదండీ, తాళం పగలగొట్టాల్సింది" అన్నాను.

"సూసాను, సెవి సంగతే అప్పుడు మరిసాను. అయినా ఆ తాళం ఏసినోల్లే తియ్యాల. ఇయాల మీరు బయటున్నారని ఇరగ్గొడితే, రేపు నోపలున్నప్పుడూ ఎవరో ఒకరు ఇరగ్గొడతారు" అంది. ఆ మాటల్లో కోపం లేదు. బావ ముడిలోంచి చెవిని జార్చి తాళం తీసి, రెండూ ఆవిడకిచ్చాడు. చక్రం తిరిగింది.

పొద్దుట్నుంచి నేను అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు ఎవరూ ఇవ్వలేరు. వాన పడినన్నాళ్లూ ఆ కరెంటుకు నీళ్లు వస్తూనే ఉంటాయి. పొర్లిపోయిన నీళ్లకు మళ్లీ నీళ్లొస్తాయి, మనిషికి మనిషి రాడని తెలిసినవాళ్లు అక్కడున్నారు. ఇలాంటి కేంద్రం చూడాలనుకుంటే ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకోండి, బయల్దేరే ముందు జేబులూ సంచీ వెతుక్కోండి.

రామయ్యపట్నం చేరేసరికి చీకటి పడింది. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. తాడు చేతికిచ్చి జరిగిందంతా చెప్పాను. తాళంచెవి కట్టిన ముడి తాడు కొసన ఇంకా అలాగే ఉంది. దాన్ని వేళ్లతో తడిమి, విప్పకుండానే గోడకు తగిలించింది.

"ఉండనీ, ఒచ్చే ఏడు మళ్లీ కట్టాలి కదా" అంది.