అంజినప్ప ఎత్తి చూడని కార్పెట్

మహదేవపురలో అద్దాల ఆఫీసులు లేవక ముందు, మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో అంజినప్ప ఇంజిన్లు బాగుచేసేవాడు. లారీ ఇంజిన్లు, జనరేటర్లు, బోరు మోటార్లు, ఏది తెచ్చినా కాదనేవాడు కాదు. తాతల నాటి నుంచి ఆ ఊళ్లో పాతుకుపోయిన తెలుగు కుటుంబం వాళ్లది. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు.

వారమంతా షెడ్డు. ఆదివారం మాత్రం అతను పడవ నడిపే మనిషి. దేవనహళ్ళి దాటాక సొణ్ణప్పకెరె అని ఒక పెద్ద చెరువు ఉండేది. అక్కడ కొందరు సరదా మనుషులు కలిసి చిన్న స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. వేగంగా పోయే బోటుకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, కాళ్లకు పలకలు తొడుక్కుని నీళ్ల మీద జారిపోయే ఆట అది. ఒకసారి వాళ్ల బోటు ఇంజిన్ బాగుచేయడానికి వెళ్లిన అంజినప్ప, తర్వాత దాన్ని నడిపేవాడై అక్కడే ఉండిపోయాడు. కూతురు గీతాంజలిని కూడా వెంట తీసుకెళ్లేవాడు. పన్నెండేళ్లకే ఆ పిల్ల నీళ్ల మీద నిలబడింది. కాలేజీకి వచ్చేసరికి క్లబ్బులో ఆమెకు సాటి ఎవరూ లేకపోయారు.

అంజినప్ప భార్య కమలమ్మ బల్బుల ఫ్యాక్టరీలో పనిచేసేది. గట్టిగా నవ్వే మనిషి. ఆమె నవ్వితే పక్క లైనులో వాళ్లకి కూడా వినిపించేదట. కానీ నీళ్లంటే చచ్చేంత భయం. ఆదివారాలు చిత్రాన్నం డబ్బాతో చెరువు దాకా వచ్చేది, వచ్చి కట్ట మీద నీళ్లకు వీపు పెట్టి కూర్చునేది. కూతురు స్కీ మీద ఉన్నంతసేపూ పక్కనున్న వాళ్లను అడుగుతూనే ఉండేది.

"లేసిందా? పడిందా? చెప్పప్పా, నేను చూడలేను."

తొంభై ఆరులో క్లబ్బు మూతపడింది. బోటు ముసలిదైపోయింది. సభ్యుల్లో కొందరు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరికి ఆసక్తి పోయింది. గీతాంజలి అప్పుడే పోటీలకు తయారవుతోంది. ఆ పిల్ల ఆట అక్కడితో ఆగిపోవడం అంజినప్పకు నచ్చలేదు. తనే ఒక పాత స్కీ బోటు కొని, నేర్చుకునేవాళ్లకు నేర్పిస్తూ, కూతురి సాధన సాగేలా చూడాలనుకున్నాడు.

అత్తిబెలెలో ఒక బోటు ఉందని తెలిసింది. అక్కడ చిన్న ఫ్యాక్టరీ నడిపిన నెల్లూరు ఇంజనీరు ఒకాయన ఇష్టపడి కొనుక్కున్న బోటు. ఆయన జబ్బుచేసి పోయాడు. భార్య సమీనా ఫ్యాక్టరీ అమ్మేసి నెల్లూరికి తిరిగి వెళ్లిపోబోతోంది. మర్నాడే అంజినప్ప కమలమ్మను వెంటబెట్టుకుని అత్తిబెలె వెళ్లాడు.

ఫ్యాక్టరీ వెనక షెడ్డులో, ట్రాలీ మీద, టార్పాలిన్ కింద ఉంది బోటు. తెల్లటి ఒంటికి నీలం చార. అంజినప్ప తొందరపడలేదు. ముందు చుట్టూ తిరిగి, స్క్రూడ్రైవర్ పిడితో అడుగు భాగమంతా తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా ఇంకో చప్పుడు వస్తుంది. ఎక్కడా బోలుగా మోగలేదు. నేల మీద పడుకుని అడుగున పగుళ్ల కోసం వెతికాడు. ప్రొపెల్లర్ రెక్కల అంచులు వేలితో తడిమి, ఇరుసును చేత్తో తిప్పి వంకర లేదని తేల్చుకున్నాడు. ఇంజిన్ ఆయిల్ కర్ర తీసి చూశాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారిపోతుంది. ఇది నల్లగా, నీటి జాడ లేకుండా ఉంది. ప్లగ్గులు విప్పి సిలిండర్ల బలం కొలిచాడు. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి కేబుల్ ఎక్కడైనా పట్టేస్తోందేమోనని చెవిపెట్టి విన్నాడు. ట్రాలీ చక్రాల బేరింగులు సైతం వదల్లేదు.

కమలమ్మ, సమీనా పక్కనే స్టూళ్ల మీద కూర్చుని ఉన్నారు.

"అన్న ఇంత చూస్తాడనుకోలా. మా ఆయన కూడా ఇంతే, బోల్టు బోల్టుతో మాట్లాడతాడు," అంది సమీనా. మాట్లాడేవాడు అనడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

చివరగా అంజినప్ప బోటు లోపలికి దిగాడు. మధ్యలో ఉక్కు స్తంభం ఉంది. స్కీ తాడు దానికే కడతారు. మనిషి బరువు, వేగం, మలుపుల్లో పడే లాగుడు, అన్నీ ఆ స్తంభం మీదే. రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కదల్లేదు. కానీ స్తంభాన్ని పట్టుకుని ఉండేది కింద నేల చెక్క. పాత బోట్లలో ఆ చెక్కలోకి నీళ్లు దిగి పుచ్చిపోతుంది. పైకి కనపడదు. కాలితో తొక్కి చూద్దామంటే నేలంతా మందపాటి కొత్త కార్పెట్ అంటించి ఉంది. అంజినప్ప స్తంభం మొదట్లో కార్పెట్ అంచు కింద స్క్రూడ్రైవర్ దూర్చాడు.

సమీనా స్టూలు మీంచి లేచి వచ్చేసింది.

"అన్నా, అది మాత్రం పీకొద్దన్నా. ఆసుపత్రికి పొయ్యే ముందు ఆయన చేత్తో అంటించింది అది. జ్వరంతో ఉండి కూడా నేల మీద మోకాళ్లేసుకుని అంటించినాడు. అట్లనే ఉండనీ. నీ దగ్గరున్నా అట్లనే ఉండనీ అన్నా."

 బోటు అంచు పట్టుకుని ఏడ్చింది.

అంజినప్ప స్క్రూడ్రైవర్ తియ్యలేదు. అతని పద్ధతి అతనిది. "చూడల్లమ్మా, మనుషులు ఎక్కేది కదా," అని నెమ్మదిగా చెప్పబోయాడు.

అప్పుడు కమలమ్మ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"వదిలెయ్యప్పా. ఆయమ్మకు అదొగటే మిగిలుండాది. నువ్వు ఊపి చూస్తివి కదా, గట్టిగా ఉండాది. సుమ్నే ఊరికే పెరకొద్దు."

అలా అని సమీనాను దగ్గరికి తీసుకుంది. ఆ పరాయి మనిషి తల తన భుజం మీద పెట్టుకుని, ఏడుపు ఆగేదాకా వీపు నిమురుతూ నిలబడింది. అంజినప్ప స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

కొనే ముందు సొణ్ణప్పకెరెలో నీళ్లకు దించి కూడా చూశారు. ఇంజిన్ చక్కగా పలికింది. గీతాంజలి తాడు పట్టుకుని తిన్నగా చెరువు ఆ చివరి దాకా వెళ్లి వచ్చింది. అంతా బాగుంది. బోటు వాళ్లదయింది.

తొంభై ఏడు చలికాలంలో, గీతాంజలి పోటీకి బయలుదేరే ముందటి ఆదివారం, కమలమ్మ ఎవరూ అడగకుండానే తనూ బోటు ఎక్కుతానంది.

"ఇన్నేండ్లూ వీపు పెట్టుకుని కూసుంటి. నా బిడ్డ మొగం ఒగసారన్నా చూడల్ల గదా," అంది.

అంజినప్ప నవ్వి, లైఫ్ జాకెట్ తనే తొడిగి, వెనక సీట్లో కూర్చోబెట్టాడు. బోటు కదలగానే కమలమ్మ కళ్లు మూసుకుంది. కొంచెం సేపటికి తెరిచింది. వెనక నీళ్ల తుంపర్ల మధ్య కూతురు తనవైపే చూస్తూ జారి వస్తోంది. కమలమ్మ కేక పెట్టి చప్పట్లు కొట్టింది. ముందు స్టీరింగు దగ్గరున్న అంజినప్పకు ఆ నవ్వు ఇంజిన్ హోరు దాటి వినపడింది.

గీతాంజలి నీళ్లలో వరసగా తేలే ఎర్ర బంతుల చుట్టూ మలుపులు తీయడం మొదలుపెట్టింది. ఒక మలుపులో ఒళ్లంతా పక్కకు వాల్చి బలంగా లాగింది. తాడు బిర్రబిగిసింది. నేల చీలిన చప్పుడైంది. ఉక్కు స్తంభం బోల్టులతో సహా పెళ్లగించుకుని లేచి, తాడు లాగినంత వేగంతోనే వెనక్కి దూసుకుపోయింది. వెనక సీట్లో కమలమ్మ ఉంది.

నీళ్లలో పడ్డ గీతాంజలి తాడు తెగిందనుకుంది. పడ్డవాళ్లు తాము బాగానే ఉన్నామని చెయ్యెత్తి చూపించాలి. ఆ పిల్ల నవ్వుతూ చెయ్యెత్తింది. బోటు తన వైపు తిరగలేదు. అలాగే చెయ్యెత్తి ఉంచింది.

ఆసుపత్రికి చేరకముందే, దారిలోనే, అంజినప్ప ఒళ్లో తల పెట్టుకుని కమలమ్మ ప్రాణం వదిలింది.

కర్మకాండలన్నీ అయ్యాక అంజినప్ప షెడ్డులో బోటు ముందు కూర్చున్నాడు. కార్పెట్ ఎత్తి చూశాడు. చెక్క నానిన తవుడులా ఉంది. చేతితో తీస్తే ముద్దలు ముద్దలుగా వచ్చింది. సమీనా భర్తకు తెలిసి కప్పాడా, తెలియక కప్పాడా? అడగడానికి ఆయన లేడు. అంజినప్పకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. జ్వరంతో మోకాళ్ల మీద కూర్చున్న మనిషే కళ్ల ముందు మెదిలాడు.

వెనక గీతాంజలి వచ్చి నిలబడింది.

"నాయనా, ఇంజినంతా ఇప్పి చూస్తివంట. బేరింగులు కూడా చూస్తివంట. దీని కింద చూడలేదా?"

"చూడలేదమ్మా."

"యాల?"

"ఆ సమీనమ్మ ఏడిసింది. వద్దనింది. వదిలేస్తి."

"ఎవురో ఏడిస్తే వదిలేస్తావా? నన్ను ఆ తాడు పట్టుకోమంటివి. అమ్మను ఆ సీట్లో కూసోబెడితివి."

అంజినప్ప తలెత్తలేదు. వదిలెయ్యమని చెయ్యి పట్టుకున్నదెవరో చెప్పలేదు.

గీతాంజలి పోటీకి వెళ్లలేదు. స్కీలు మళ్లీ ముట్టుకోలేదు. దేవనహళ్ళిలో ఉన్న మేనత్త పాపక్క ఇంటికి వెళ్లిపోయి, చదువు ముగించి, అక్కడే ఒక బడిలో ఆటల టీచరుగా చేరింది. పండక్కో, తద్దినానికో వచ్చేది. వచ్చినప్పుడు వంట చేసేది, బట్టలు ఉతికేది, తండ్రితో అవసరమైన మాటలే మాట్లాడేది. అంజినప్ప బోటును రంపంతో ముక్కలు కోసి పారేశాడు. ఎవరైనా పాత బోటు కొంటున్నామని వచ్చి పిలిస్తే మాత్రం కాదనకుండా వెళ్లేవాడు. వెళ్లగానే ముందు నేల మీద ఏది పరిచి ఉన్నా చించేసేవాడు. అమ్మేవాళ్లు గొడవ పడితే, పిలిచినవాళ్లతో "అయితే కొనొద్దండి" అని వచ్చేసేవాడు. ఎందుకంత మొండితనమని అడిగితే చెప్పేవాడు కాదు.

ఏటా ఒకసారి, భర్త పోయిన రోజున, నెల్లూరు నుంచి సమీనా ఫోన్ చేసేది.

"అన్నా, బోటు బాగా తిరగతా ఉందా?"

కమలమ్మ పోయాక మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు అంజినప్ప నోటి దాకా ఒక మాట వచ్చింది. నీ ఆయన అంటించిన కార్పెట్ కిందే నా ఇల్లు కూలిపోయిందని చెప్పాలి. ఆ మాట చెప్తే ఈమె ఎలా బతుకుతుంది?

"తిరగతా ఉండాదమ్మా. జింక మాదిరి పోతాది."

"వదిన బాగుందా?"

"బాగుండాది. పనికి పోయుండాది."

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే జవాబు. ఫోన్ పెట్టేశాక ఆ పూట షెడ్డు తలుపు వేసేసేవాడు.

రెండువేల మూడులో అంజినప్పకు కంటి ఆపరేషన్ చేశారు. గీతాంజలి సెలవు పెట్టి వచ్చింది. తండ్రిని ఆసుపత్రిలో ఉంచి, బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ మోగింది.

"అంజినప్పన్న లేడా అమ్మా? నెల్లూరు నుంచి సమీనా. నువ్వు గీతవా?"

 ఈ మనిషి ఎదురైతే అడగాలని గీతాంజలి ఎన్నో మాటలు మనసులో నూరి పెట్టుకుంది. నోరు తెరిచే లోపే అవతల గొంతు ఆప్యాయంగా అందుకుంది.

"నిన్ను చూడలా గానీ, నీ గురించి మీ అమ్మ ఎంత చెప్పిందనుకున్నావు! బోటు చూడను వచ్చినప్పుడు మీ నాయన కార్పెట్టు ఎత్తబోయినాడు. నేను ఏడిస్తే కూడా వినలా. మీ అమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది. వదిలెయ్యప్పా, ఆయమ్మకు అదొకటే మిగిలింది అనింది. నన్ను గుండెలకి హత్తుకునింది. ఆయన పోయినాక నన్నట్లా పట్టుకున్నోళ్లు ఇంకెవరూ లేరమ్మా. ఎప్పుడు చేసినా అన్న పనికి పోయిందంటాడు. ఒకసారి అమ్మను పిలుస్తావా?"

గీతాంజలి గోడకు చేరగిలబడింది.

"అమ్మ ఫ్యాక్టరీకి పోయుండాది, ఆంటీ."

"బాగుందా?"

"బాగుండాది."

ఆసుపత్రిలో అంజినప్ప కంటికి పచ్చటి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గీతాంజలి పక్కన కూర్చుంది.

"సమీనా ఆంటీ ఫోన్ చేసినాది నాయనా."

అంజినప్ప గాభరాగా ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. "ఏమీ అనలేదు కదమ్మా?"

"లేదు. అమ్మ ఆపిందని నాకెందుకు చెప్పలేదు? ఇన్నేండ్లు నిన్ను..."

"కోపం నా మింద ఉంటే చాలనుకుంటి. పోయినామె మింద యాల? నేనుండా కదా మాట పడనీకి."

గీతాంజలి ఆ మంచం మీదే అతని మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. కంట్లో నీళ్లు రాకూడదని డాక్టరు చెప్పి ఉండటంతో అంజినప్ప పళ్లు బిగపట్టి, పైకప్పు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం ఆమె మహదేవపుర దగ్గర బడికి మారి తండ్రి ఇంటికి వచ్చేసింది. పోయిన ఏళ్లు తిరిగి రాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నా కమలమ్మ ఊసు ఎత్తడానికి ఇద్దరికీ భయమే. ఆమె నవ్వు ఎలా ఉండేదో చెప్పుకోవాలన్నా ఆ చివరి రోజు అడ్డొచ్చేది.

మరుసటి ఏడు సమీనా ఫోన్ చేసినప్పుడు గీతాంజలే తీసింది. ఈసారి అబద్ధం కొంచెం మార్చింది. అమ్మ జ్వరం వచ్చి చనిపోయిందని చెప్పింది.

అవతల సమీనా పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే కమలమ్మ ఆ రోజు ఏం చీర కట్టుకుందో, స్టూలు ఎలా లాక్కుని కూర్చుందో, తన చేతిలో ఎలా చెయ్యి వేసి మాట్లాడిందో, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. గీతాంజలి రిసీవర్ తండ్రికీ తనకీ మధ్య పట్టుకుంది. తండ్రీకూతుళ్లు తలలు ఆనించుకుని, ఆ మాటలు వింటూ, ఆమెతో పాటు ఏడుస్తూ, లైను పోయేదాకా అలాగే కూర్చున్నారు.