కొంగల లెక్క రాసిన సార్

మొన్న మంగళవారం పొద్దున పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తున్నాను. సైన్సు సార్ పోయారని పక్కింటామె వచ్చి చెప్పింది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. పురుగుల ఆకలికి ఆ సంగతి తెలియదు కదా, మళ్లీ వేశాను. ఏడుపు తర్వాత వచ్చింది.

సార్ పెనుకొండలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మా ఊళ్లో సొంతింటికి వచ్చేశారు. మొదటిసారి మా షెడ్డుకొచ్చి, "మీ లైటు కాడికి ఏమేం పురుగులొస్తాయమ్మా?" అని అడిగారు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధరెంతని అడగని మనిషిని అప్పుడే చూశాను. ఆ ఆదివారం నుంచి ఆయన వెంట చెరువుకట్ట మీద నడిచాను.

కోళ్లు లేస్తే బస్ షెల్టర్ గోడమీద దీపపు పురుగులు మిగలవని తెల్లారీ తెల్లారకముందే అక్కడుండేవారు. తర్వాత తంగేడు పూలమీద తేనెటీగలు, చివరికి చెరువులో పక్షులు. అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసేవాళ్లం. పేరు తెలియకపోతే 'తెలియదు' అని రాయించేవారు. నేను నామోషీ పడితే, "తెలీదని రాసేదానికి సిగ్గెందుకు? కండ్లు చూసింది రాయి, మనసు కోరింది రాయొద్దు" అనేవారు. మధ్యాహ్నానికి ఆ పేజీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఉండేది.

ఎర్రకాళ్ల కొంగలొస్తే వానలు ఆగకుండా పడతాయని మా ఊరి నమ్మకం. మూడేళ్ల కిందట జూన్ వచ్చినా అవి రాలేదు. ఒక్క వాన పడి ఆగిపోయింది. శెనిక్కాయ విత్తాలా వద్దా అని ఊరంతా సార్ పుస్తకం కోసం చూస్తోంది. ఆ ఆదివారం సార్‌కు జ్వరం. నేనొక్కదాన్నే వెళ్లాను. దూరంగా నీళ్లలో రెండు పక్షులు, కాళ్లు ఎర్రగా ఉన్నాయి. సార్‌కు చూపించకుండానే 'ఎర్రకాళ్ల కొంగలు, రెండు' అని రాసి గ్రూపులో పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే మా నాయన గొర్రు కట్టాడు. నేను విత్తనాల బుట్ట పట్టుకొని నిలబడ్డాను. అప్పటికే చెరువు దాకా వెళ్లి చూసొచ్చిన సార్, జ్వరంతో తూలుతూ మా చేనిలోకి వచ్చారు.

"అప్పా, ఆపు. అవి ఏడాదంతా ఈడుండే కొక్కెరలే. కాళ్లకు ఎర్రమట్టి అంటుకోనుండాది. లెక్క తప్పు."

"ఎవురు రాసింది?"

సార్ నా వైపు చూడలేదు. "పుస్తకం నాది. తప్పు నాదే."

నేను వంగి విత్తనాల బుట్ట సర్దుకున్నాను.

"కొంగకీ కొక్కెరకీ తేడా తెలీకుండా ఇన్నేండ్లు పిల్లోళ్లకు ఏం చెప్పినావు సార్?" అన్నాడు నాయన. సార్ తలూపి పక్క చేనికి వెళ్లిపోయారు. ఆయన ఊరంతా తిరిగేలోపే మూడు చేన్లలో విత్తేశారు. తర్వాత నెల రోజులు చినుకు లేదు. ఆ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. మిగిలినవాళ్ల విత్తనం దక్కిందన్న మాట ఎవరూ అనలేదు.

"నేనే రాసినానని చెప్తా సార్" అన్నాను ఆ సాయంత్రం.

"ఈ ఊళ్లో బతకాల్సినదానివి. ముసలోన్ని, నాకేం పోతుంది? ఆదివారం రా" అన్నారు.

పోయింది. ఆయన లెక్క చదివేవాళ్లు లేకుండా పోయారు. టీకొట్టు దగ్గర 'కొక్కెర సార్' అని పిలిస్తే నవ్వేవారు. మూడేళ్లు ఆ నవ్వు చాటున దాక్కున్నాను. నేను పిరికిదాన్ని. ఇప్పుడు మీ అందరి ముందూ రాస్తున్నాను.

మంగళవారం సార్ చివరిచూపుకు నాయనను రమ్మంటే, "నువ్వు పో పాపా, నాకు మోకాళ్లు నొస్తాండాయి" అన్నాడు. గడపలో నిలబడి మొత్తం చెప్పేశాను. నాయన లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు.

"ఆయప్ప ఉన్నప్పుడు చెప్పింటే, తప్పైందని ఒక మాట చెప్పుకుందును గదా పాపా" అన్నాడు.

సార్ ఇంటి ముందు జనం తక్కువగా ఉన్నారు. నాయన మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి, సార్ తల దగ్గర నేలమీద కూర్చున్నాడు. తలగుడ్డ విప్పాడు. ముఖమ్మీద వాలబోయిన ఈగను దాంతో తోలాడు. ఎత్తేదాకా అట్లాగే తోలుతూ కూర్చున్నాడు.