బావ పట్టిన గొలుసు

వెర్లిన్ హాస్కిన్స్ ఉద్యోగం పత్తి జిన్నింగు మిల్లులో తూకం వేయడం. కానీ కోల్టర్ ఫ్లాట్ అనే ఆ చిన్న అమెరికా ఊళ్ళో అతన్ని ఆ పనితో గుర్తుపట్టేవాళ్ళు లేరు. శుక్రవారం సాయంత్రం హైస్కూలు ఫుట్‌బాల్ ఆటలో, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆటలో, గీత పక్కన గొలుసు పట్టుకుని నిలబడేది అతనే. పది గజాల గొలుసు, రెండు కొసలా రెండు కర్రలు. నాలుగు ప్రయత్నాల్లో బంతి ఆ పది గజాలూ దాటిందా లేదా అని అనుమానం వస్తే గొలుసు మైదానంలోకి వెళ్తుంది. వెర్లిన్ ముందు కర్ర నిలబెడతాడు, ఊరంతా ఊపిరి బిగబడుతుంది. ఇందుకు జీతమేమీ లేదు. ఆట అయ్యాక ఒక పొట్లంలో మొక్కజొన్న చిప్స్, వాటిమీద చిల్లీ అనే వేడివేడి మాంసం కూర. దానికే ముప్పయ్యారేళ్ళు ఎండలోనూ దుమ్ములోనూ నిలబడ్డాడు.

ఇందులో ఇరవై ఎనిమిదేళ్ళు సొంత బావమరిదితో మాటల్లేకుండా గడిచాయి.

మాటలు ఆగిన ఆ ఏడాది, జిల్లా ఫైనల్లో ఆఖరి నిమిషం, నాలుగో ప్రయత్నం. బంతిని పొట్టకి అదుముకుని గుంపులోకి దూకినవాడు రాయ్స్ టక్కర్, వెర్లిన్ భార్య నెల్డాకి తమ్ముడు, పదిహేడేళ్ళవాడు. ఒకడిమీద ఒకడు పడ్డ కుర్రాళ్ళను లేపి గొలుసు లాగితే, ఆ కోల బంతి ముక్కు కర్రకి రెండంగుళాలు ఇవతలే ఆగిపోయింది. ఊరు ఓడింది.

"తిన్నగా పెడితే దాటేది. ధర్మరాజు అనిపించుకోవాలని కర్ర ముందుకు వంచాడు," అన్నాడు రాయ్స్. ఆ తర్వాత బావతో మాట కలపలేదు.

పగంటే అల్లాటప్పా పగ కాదు. ఏటా థాంక్స్‌గివింగ్ పండక్కి అక్క ఇంటికే వస్తాడు. బావకి ఎదురుగానే కూర్చుంటాడు, టర్కీ మాంసం రెండుసార్లు వడ్డించుకుంటాడు. "అక్కా, ఆ గ్రేవీ ఇటు జరపమని మీ ఆయనకి చెప్పు," అంటాడు. నెల్డా నోరు తెరిచేలోపే వెర్లిన్ గిన్నె జరిపేస్తాడు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? మంగలి షాపులో కూర్చుంటే చాలు, "చెవి మీద ఎంత తీయాలో కాస్త కొలిచి చెప్పవోయ్ వెర్లిన్, వంచకు మాత్రం," అని ఎవరో ఒకరు అంటించేవారు. అక్కడ అందరితోపాటు తనూ నవ్వేవాడు. ఇంటికొచ్చాక మనసు పాడైపోయేది. పెళ్ళైన కొత్తలో ఆ పిల్లాడికి బంతి విసరడం నేర్పింది తనే. వాడు నోరారా ఒక్కసారి బావా అని పిలిస్తే చాలనుకునేవాడు.

ఓడిన ఆ ఏటి ఆటల మీద పైఊరి విలేకరి ఒకాయన పుస్తకం రాశాడు. అది ఇప్పుడు సినిమాగా తీస్తామని జనం దిగారు. ఆగస్టు నెల, నిప్పులు చెరిగే ఎండ. కథలో నవంబరు కాబట్టి ఊరందరికీ స్వెట్టర్లు తొడిగి స్టాండ్లలో కూర్చోబెట్టారు. గొలుసు సరిగ్గా పట్టే నటుడు దొరక్క వెర్లిన్ వేషం వెర్లిన్‌కే ఇచ్చారు. జుట్టుకి నల్లరంగు పూశారు, పొట్టను మాత్రం ఏమీ చేయలేకపోయారు.

డైరెక్టరు మారిసా అని కాలిఫోర్నియా అమ్మాయి. సైగ చేయగానే వెర్లిన్ గొలుసు బిగించి, కర్ర తిన్నగా నిలిపి, వంగి చూశాడు. "దాటింది," అన్నాడు.

బంతిని కంటి అంచనాతో పెట్టారు మరి. ముక్కు కర్రకి మూడు వేళ్ళు అవతలుంది. ఏడుపు మొహాలు పెట్టమని పొద్దుట్నుంచీ తర్ఫీదు పొందిన జనం ఒక్కుమ్మడిగా లేచి గంతులేశారు. పాస్టరుగారైతే పక్కాయన్ని ఎత్తుకున్నారు.

మారిసా పరిగెత్తుకొచ్చింది. "సర్, ఇక్కడ దాటకూడదు. పుస్తకంలో దాటలేదు కదా."

"పుస్తకంలో దాటలేదమ్మా. ఇక్కడ దాటింది."

"లైట్లన్నీ బంతి మీదికి సర్దేశాం, ఇప్పుడు జరిపితే గంట పడుతుంది. కర్రే కొంచెం ముందుకు వంచండి. ఎవరికి తెలుస్తుంది?"

రెండోసారి తీశారు, మూడోసారి తీశారు. కర్ర వంగలేదు, మనిషీ వంగలేదు. చివరికి వెర్లిన్ టోపీ తీసి, "నాకు రాదమ్మా. వేరేవాళ్ళని పెట్టుకో," అన్నాడు.

స్టాండ్లలోంచి రాయ్స్ దిగొచ్చాడు. టైర్ల షాపు యజమాని, నలభై ఐదేళ్ళు, పొట్టలో బావని ఎప్పుడో దాటేశాడు. స్వెట్టరు చెమటతో తడిసి ముద్దైంది.

"ఆయన జోలికి పోకండి మేడమ్," అన్నాడు. "ఉత్తుత్తి ఆటకే వంచని మనిషి అసలాటకి వంచుంటాడా? బంతే జరుపుకోండి."

తర్వాత వెర్లిన్ వైపు తిరిగాడు.

"నేనే రెండంగుళాలు తక్కువ పరిగెత్తాను బావా," అన్నాడు.

గంటసేపు లైట్లు సర్ది, బంతి జరిపి, నాలుగోసారి తీశారు. సినిమాలో ఉన్నది అదే. కొలత తేలినచోట గొలుసాయన కర్ర పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తాడు. చిన్న ఊరు, పాపం, ఓటమిని అంతగా మనసుకి పట్టించుకున్నారని చూసినవాళ్ళు అంటుంటారు. మా ఆయన పెళ్ళిరోజున కూడా అంత సంతోషపడలేదని నెల్డా అంటుంది.