ఎర్తింగాయన, కాయిలు వైద్యం

వీధిలో అందరూ ఆయన్ని ఎర్తింగాయన అంటారు. బల్బు మార్చడానికి పిలిచినా సరే, గుమ్మంలోనే "ఎర్తింగ్ ఉందా?" అని అడుగుతాడు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు! పని నేర్పిన గురువు ఆయన కళ్లముందే షాకు కొట్టి పోయాడు. అప్పట్నించీ కరెంటుతో పరాచికాల్లేవు.

ఆయన భార్యకు కాన్పయి రెండు నెలలు. పాలివ్వడం, బట్టలు మార్చడం అన్నీ చేస్తుంది, పక్కింటివాళ్ల బిడ్డను కాసేపు చూసిపెడుతున్నట్టు. తిండి సయించదు, నిద్ర పట్టదు. "నేను లేకపోతేనే మీరిద్దరూ బాగుంటారు" అంది ఒకరోజు. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మాత్రలున్నాయని ఆవిడ చెప్పినా, భార్య మనసొప్పలేదు. అయితే ఇంకో దారి ఉందంది డాక్టరమ్మ. తల దగ్గర కాయిలు పెట్టి, అయస్కాంతంతో మెదడుని తట్టిలేపుతారట. రోజుకో అరగంట, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు.

ఆయనకు వినపడింది కాయిలొక్కటే. నీళ్లు కాచే హీటరు కాయిలు కళ్లముందు ఎర్రగా మెరిసింది.

మర్నాడు ఆస్పత్రిలో మిషను చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి స్క్రూకీ టెస్టరు ఆనించి చూశాడు. "ఎర్తింగ్ ఉందా అమ్మా?"

"ఉందండీ. ముందు ఆ ఇనుప సామానంతా బయట పెట్టిరండి. ఇది అయస్కాంతం."

తిరిగొచ్చాక డాక్టరమ్మ కాయిలుని ఆయన ముంజేతి దగ్గర పట్టుకుంది. టక్‌మంది. వేలు దానంతటదే ఎగిరింది.

"వైరు తగల్లేదే!"

ఫ్యాను మోటార్లు చుట్టిన మనిషి, తాకకుండానే అయస్కాంతం లోపల కరెంటు పుట్టిస్తోందని చప్పున బుర్రకెక్కింది. భయం మాత్రం దిగలేదు. "ఇది నా చెయ్యి. అక్కడ మా ఆవిడ తల!"

"నా తలేగా," అంది భార్య కుర్చీలోంచి. "పెట్టించుకుంటాను. ఇలా మాత్రం ఉండలేనండీ."

ఆయన పక్కకు జరిగాడు.

రెండు వారాలు కాస్త తలనొప్పి తప్ప ఏ మార్పూ లేదు. మూడో వారం తనే అన్నం పెట్టుకుని తింది. నాలుగో వారం ఒక సాయంత్రం, ఆయన పాపకు స్నానం చేయించి తుడుస్తుంటే వెనకనించి కేక.

"మెడ కింద చెయ్యి పెట్టండి! బిడ్డని పట్టుకోవడం కూడా రాదా? ఇలా ఇవ్వండి నా తల్లిని!"

తన పనికి వంక పెడితే ఎంతటివాళ్లతోనైనా తగవుకి దిగే మనిషి. ఈసారి పాపను అందించి, తడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.