మెటావర్స్ అనే మాటకు అర్థం

కుప్పంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి మొన్న వీఆర్ కళ్లద్దాలు వచ్చాయి. తలకు తగిలించుకోగానే కొత్త రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. కళ్లముందు ఏదో మెరిసే నగరం లేచింది గానీ, నాకు గుర్తొచ్చింది సులోచన మేడం.

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె మాకు కంప్యూటర్స్ చెప్పేవారు. మాది సదుం పక్క పల్లె. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఫైనలియర్‌లో ఎవరో కంపెనీ ఆయన వచ్చి గంటసేపు మెటావర్స్, మెటావర్స్ అన్నాడు. హాలంతా చప్పట్లు. సాయంత్రం మదనపల్లె బస్సులో మేడం నా పక్కన కూర్చుని అడిగారు.

"ఏమ్మా, అంత గట్టిగా చప్పట్లు కొడితివే, ఆ మాటకు అర్థమేంది?"

నేను తల దించుకున్నాను.

"తెలీకుంటే తెలీదను. దాంట్లో సిగ్గేముండాది? మెటా అంటే గ్రీకులో అవతల అని. యూనివర్స్ తోక తెచ్చి దానికి అతికించినారు. ముప్పై ఏండ్లకు ముందు అమెరికాలో ఒకాయన నవల కోసం పుట్టించిన మాట. ఆ కథలో బయట బతుకంతా కంపెనీల చేతిలో ఉంటాది. ఇరుకు గదుల్లో ఉండేవోళ్లు కళ్లద్దాలు పెట్టుకొని లోపల దొరల మాదిరి తిరుగుతారు. అమ్మేవోళ్లు ఆ సంగతి చెప్పరు. అడగాల్సింది మనమే."

సెమినార్‌కు నేను ఆ మాటనే ఎంచుకున్నాను. కాసేపటికే నా ఇంగ్లీషు అయిపోయింది; తెలుగులోకి దిగాను. మా హెచ్‌ఓడీ అడ్డుపడి, "ఇంగ్లీషులో చెప్పు, లేకుంటే కూర్చో" అన్నారు. వెనక వరుసలోంచి మేడం లేచారు.

"కూర్చోదు సార్. అర్థం చేసుకొని చెప్తాండాది. యాల ఆపుతారు?"

నేను చివరిదాకా చెప్పాను. మార్కులు అందరికంటే తక్కువే వచ్చాయి. మరుసటి ఏడు మేడంను కాలేజీ కొనసాగించలేదు.

పుంగనూరులో ఒక మిద్దె మీద గది తీసుకుని ఆమె ట్యూషన్లు మొదలుపెట్టారని తెలిసి వెళ్లాను. నన్ను చూసి ఆమె నవ్వారు. నాకేమో ఏడుపు ఆగలేదు.

"నా వల్లే కదా మేడం, మీ ఉద్యోగం పాయె."

"నీ వల్ల యాడ పోయింది? నా నోటి వల్ల పోయింది. ఉద్యోగం ఇంకోటి దొరుకుతాది, నోరు ఇంకోటి దొరకదు. కండ్లు తుడుచుకో."

మా ఇంట్లో పెద్ద మాట వినపడితే తల ఊపడమే అలవాటు. ఆ అలవాటును నా మెడలోంచి తీసేసింది ఆమే.

పోయిన నెల మా కుప్పం కాలేజీ సమావేశంలో ఒకాయన తెర మీద ఇంకో కొత్త మాట చూపించి, ఇక భవిష్యత్తంతా ఇదేనన్నాడు. అందరూ ఔనౌనంటున్నారు. నేను చెయ్యెత్తి, "ఆ మాట నాకు తెలీదు. తెలుగులో అర్థం చెప్పండి" అన్నాను. ముందు వరుస తలలన్నీ నావైపు తిరిగాయి. ఆయన విననట్టే స్లైడు మార్చాడు.

నేను చెయ్యి దించలేదు.