నేను తింటేనే తినే అప్ప

విశాఖపట్నంలో నాకు కడుపు ఆపరేషన్ జరిగి మూడేళ్లు దాటింది. కడుపులో చాలా భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టారు. అప్పటికి షుగరు ఇన్సులిన్ దాకా వెళ్లింది, మోకాళ్లు అరిగిపోయాయి. బరంపురంలో మా ఆఫీసు మెట్లెక్కాలంటే మధ్యలో ఆగి రొప్పేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఒళ్లు కరిగింది, ఇన్సులిన్ ఆగింది. చూసినవాళ్లంతా బాగున్నావన్నారు, మా అప్ప తప్ప.

అప్ప అంటే మా అక్క. నాకంటే చాలా పెద్దది. నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం నుంచి ఖల్లికోట వచ్చి అక్కడే ఉండిపోయాడు. అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను అప్పే పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. బావ పోయాక ఖల్లికోట ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నా మీద ఉన్న ప్రేమను అప్ప ఏనాడూ నోటితో చెప్పలేదు. పదో తరగతి లెక్కల్లో నేను తప్పినప్పుడు కూడా ఒక్క మాట అనకుండా చిలక సరస్సు రొయ్యలు ఇగురు పెట్టి, పక్కన కూర్చుని, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నాకు ఓదార్పు అంటే ఇప్పటికీ ఆ ఇగురు వాసనే.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి వెళ్లినప్పుడు కంచం నిండా వడ్డించింది. నేను నాలుగు ముద్దలు తిని చెయ్యి తీసేశాను.

"ఏటే, అంతేనా?"

"అంతే అప్పా. ఇంక పట్టదు."

"పట్టకపోడమేటి? మనిషి కడుపు కాదేటి అది?"

డాక్టరు చెప్పిందంతా వివరించాను. వింది, కానీ కళ్లు నా కంచం మీదే ఉన్నాయి. కాసేపటికి లేచి గిన్నెల మీద మూతలు పెట్టేసింది. తను తినలేదు. నేను వెళ్లాక తింటుందిలే అనుకున్నాను.

ఆస్పత్రిలో డైటీషియన్ చిన్న వయసు అమ్మాయి, ఓపికగా మాట్లాడేది. "ఎప్పుడైనా ఒకసారి ఇష్టమైనది తినండి, తప్పేం లేదు. ముందు గుడ్డో చేపో తినండి. తర్వాత ఆ ఇష్టమైనది కొంచెం, బాగా నమిలి తినండి. ఖాళీ కడుపుతో మాత్రం తీపి ముట్టకండి" అని చెప్పింది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. పండగకో పబ్బానికో అప్ప చేతి బొబ్బట్టు సగం తినొచ్చు కదా అనుకున్నాను. దాదాపు రెండేళ్లు అలాగే జరిగింది. బరువు పెరగలేదు.

ఒకసారి ఆఫీసు పని మీద ఛత్రపురం వెళ్లాను. పని తొందరగా తెమిలితే, చెప్పకుండా రైలెక్కి ఖల్లికోటలో దిగాను. మధ్యాహ్నం భోజనాల వేళ. తలుపు తీసే ఉంది. అప్ప వంటింటి గుమ్మంలో కూర్చుని స్టీలు గిన్నెలో నీళ్లలో నానేసిన మరమరాలు తింటోంది. పక్కన ఒక పచ్చిమిరపకాయ. స్టవ్ మీద గిన్నె లేదు. నన్ను చూసి కంగారుగా లేచింది. అప్పుడు చూశాను, జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది.

"ఇదేంటప్పా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాను. వంట ఒగ్గీసినాను, అంతే."

"ఎందుకు?"

"నువ్వు తింతావని కదేటే వండీదాన్ని. నువ్వు తినవు. నానొక్కదాన్ని కూకుని ఏటి తింతాను?"

నిష్ఠూరంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పింది. బరువు తగ్గిందని నేను కొత్త చీరలు కొనుక్కుంటున్న రోజులన్నీ ఈమె ఇక్కడ నీళ్లలో మరమరాలు తింటోంది.

ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం. ప్రతి ఆదివారం నేను వస్తాను, ఆమె వండాలి, నేను తిన్న ప్రతిదీ ఆమె కూడా తినాలి. మొదటి ఆదివారం రొయ్యలు కొంచెం, బొబ్బట్టు సగం తిన్నాను. నా నోటికేసి చూస్తూ అప్ప కడుపు నిండా అన్నం తింది. తిరుగు రైల్లో రంభ స్టేషన్ దాటుతుంటే కిటికీలోంచి చిలక నీళ్లు చూస్తూ, చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను.

కానీ ఎప్పుడో ఒకసారి అనుకున్నది వారం వారం అయింది. సగం బొబ్బట్టు ఒకటైంది. నేను ఆపితే ఆమె కూడా ఆపేసేది. "ఇంకొక ముక్క తినే, నానూ తింతాను" అనేది. ఒక ఆదివారం రైలు ఆలస్యమై, ఏమీ తినకుండా వెళ్లాను. ఆమె గుమ్మంలోనే అరిసె చేతిలో పెట్టింది. ఆమె ముఖం చూసి కాదనలేకపోయాను. కాసేపటికే ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, గచ్చు మీద పడుకుండిపోయాను. అప్ప విసనకర్రతో విసురుతూ ఏడ్చింది.

"ఓలమ్మా, నా సేత్తో నానే పెట్టీసినాను. ఇంక వండను. నీ మీదొట్టు."

అన్నంత పనీ చేసింది. తర్వాతి వారం వెళ్తే వంటింట్లో మళ్లీ ఆ మరమరాల గిన్నె. బతిమాలి, కోప్పడి, చివరికి నేనే బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టాను. ఆ రోజు ఆమెకు నచ్చజెప్పడానికి మామూలు కంటే ఎక్కువే తిన్నాను.

ఈ ఏడు డైటీషియన్ చూస్తే బరువు మళ్లీ పెరిగింది. షుగరు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. "ఇది అప్పుడప్పుడు తినడం కాదండీ, అలవాటైపోయింది. ఇలాగే సాగితే ఆపరేషన్ చేయించుకున్న ఫలితం ఉండదు" అంది. అప్ప సంగతి చెప్పాను. ఆవిణ్ణి కూడా ఒకసారి డాక్టరుకు చూపించమంది.

బరంపురం తీసుకొచ్చి చూపించాను. రక్తం బాగా తక్కువగా ఉందన్నారు, మాత్రలిచ్చారు, వేళకు తినాలన్నారు. మా ఇంట్లోనే ఉంచేసుకుందామని మా ఆయనే అన్నాడు. అప్ప ఉంది కూడా. కంచాల ముందు కూర్చుంటే నా వైపే చూసేది. నేను మూడు చెంచాలు తింటే తనూ మూడే తినేది. మా ఆయన ఎంత చెప్పినా, "నాకు సాలు బాబూ" అనేది. మా ఇంట్లో భోజనం అంత తొందరగా ముగిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నెల తిరక్కుండానే సంచి సర్దుకుంది.

"నానెల్తానే. ఇక్కడ నీ కళ్లముందర తినలేను. నీకు పెట్టకుండా అసలే తినలేను."

ఆపలేదు. స్టేషన్లో రైలెక్కించాను. మెట్టెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటే ఎముకే తగిలింది.

గత ఆదివారం వెళ్లాను. పొద్దున్న గుడ్డు తిని, సగం బొబ్బట్టు కంటే ఎక్కువ ముట్టకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. ఆమె రొయ్యలు ఇగిర్చింది, బొబ్బట్లు చేసింది. సగం తిని ఆగాను. ఆమె కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఒకరి కంచంలోకి ఒకరం చూస్తూ కూర్చున్నాం. బయట ఏదో ఆటో హారన్ కొడుతోంది.

"తినప్పా."

"నువ్వు తిను."

తిన్నాను. ఒకటి మొత్తం, తర్వాత ఇంకొంచెం. రుచి తెలియలేదు. అది వెళ్లి లోపల బరువుగా కూర్చోవడం మాత్రం తెలిసింది. అప్ప రెండోది తీసుకుని నెమ్మదిగా నమిలింది. ఆమె మెడ నరాలు కదలడం చూస్తూ ఉండిపోయాను. ఆమె తింటోందన్న సంతోషం ఈసారి రాలేదు. నేను బాగుంటే ఈమె చిక్కిపోతుంది. ఈమె నాలుగు ముద్దలు తినాలంటే నేను మళ్లీ పాత మనిషిని కావాలి. దీన్ని ఎవరితో చెప్పుకోను? డాక్టరు దగ్గర దీనికి మందు లేదు. మా ఆయన "మానెయ్, వెళ్లకు" అంటాడు. వెళ్లకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

ఇవాళ మళ్లీ ఆదివారం. మోకాలు వాచింది, వెళ్లలేదు. పదింటికి ఫోను చేస్తే అప్ప, "రాడం నేదా? సర్లే, పడుకో" అంది. ఏం వండావని అడగబోయి, అడగలేక పెట్టేశాను.